పలుపు లేకుండా ఇచ్చిన కుక్క

క్యాంపస్‌లో తెల్లవారడం ఒక్కసారిగా జరిగేది కాదు. ముందు బండరాళ్ళు తెల్లబడేవి. తరువాత దారి. ఆ తరువాత చెట్ల మొదళ్ళు, వాటి కింద పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉద్యోగాల పరీక్షలకు బట్టీపట్టే పిల్లలు. ముఖాలు కనిపించకముందే వాళ్ళ గొంతులు వినిపించేవి. ఒకరు నదుల పేర్లు, ఒకరు రాజుల పేర్లు, ఇంకొకరు చట్టాల పేర్లు. అన్నీ కలిసి ఎక్కడో దూరాన పూజ జరుగుతున్నట్టు ఉండేది. అందరికంటే చివర మా కుక్క కనిపించేది. ఎర్రమట్టి రంగుది కదా, కదిలేదాకా నేలేదో కుక్కేదో తెలిసేది కాదు. చేతిలో తాడు మాత్రం బరువుగా ఉండేది. దాని అవతలి కొసన ఏదో ఊపిరి తీస్తోందని ఆ బరువే చెప్పేది.

మా కుక్క అని ఇప్పుడు రాస్తున్నాను. అది మా దగ్గరున్న పది నెలల్లో ఒక్కసారి కూడా ఆ మాట నా నోట రాలేదు.

మా అబ్బాయి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసేవాడు. ఉద్యోగంతో పాటు ఇచ్చిన పాత క్వార్టర్‌లో మేం నలుగురం ఉండేవాళ్ళం: నేను, కొడుకు, కోడలు, డిగ్రీ చదివే మనవరాలు. ఇంటి ముందు ఒక జామచెట్టు, దాని పక్కన నీళ్ళ సంపు, సంపు మీద సిమెంటు మూత, పైన రేకు చూరు. వానాకాలంలో ఒక సాయంత్రం మనవరాలు ఆటో దిగింది. పుస్తకాల సంచి భుజాన ఉంది. చేతుల్లో, చున్నీలో చుట్టి, తడిసిన మూట ఒకటి ఉంది. మూటలోంచి ఒక చెవి బయటికి వేలాడుతోంది. చెవి సగం చిరిగి ఉంది.

"నానమ్మా, అరవకు. ఒక్క రాత్రికే."

"ఏందది?"

"తార్నాక చౌరస్తాల బండి గుద్దిపోయింది. ఎవ్వరూ ఆగలే. రోడ్డు నడిమిట్ల పడి ఉండె."

"గీ ఇంట్ల మనుషులకే జాగ లేదు. గడప దాటనియ్యను చెప్తున్న."

"దాటదులే. కాలు విరిగింది చూడు, ఎట్ల దాటుతది?"

"కాలు సంగతి తర్వాత. ముందు నీ చున్నీ ఖరాబయింది, గది చూడు."

అన్నాను కానీ, సంపు మూత మీద గోనెసంచి పరిచింది నేనే. ఆ రాత్రి వాన రేకు మీద కొడుతుంటే, మూలుగు వినిపించని క్షణం వచ్చినప్పుడల్లా చెవి రిక్కించాను. మూలుగు మళ్ళీ వినిపించాక విసుక్కుని పక్కకు తిరిగాను.

పొద్దున పశువుల డాక్టరు పట్టీ వేశాడు. కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. వెనక కుడికాలు నేలకు ఆనించకుండా, మిగతా మూడింటి మీద ఏదో తాళానికి అడుగులు వేస్తున్నట్టు నడిచేది. పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా చేయించింది మనవరాలు. దానికో పేరు పెట్టింది. ఆ పేరు నేను ఎప్పుడూ పలకలేదు. పేరు పెట్టిన జీవం ఉండిపోతుంది. నేను దాన్ని పిలవవలసిన అవసరం వస్తే, "ఏయ్, పో అవతలికి" అనేదాన్ని. ఆ మాట వినగానే తోక ఊపుతూ ఇవతలికి వచ్చేది. దానికి మాటతో పనిలేదు, గొంతుతోనే పని.

పట్టీ విప్పాక నడిపించాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. మనవరాలికి పొద్దున లేవడం చేతకాదు. కోడలికి వంట. కొడుకు పేపరు వదలడు. అలా ఆ పని నా మీద పడింది. మెడకు కట్టడానికి బజారులో తోలుపట్టీ కొంటానని మనవరాలంటే నేనే వద్దన్నాను. ఇంట్లో పాత నూలు చీర ఉండగా తోలుపట్టీ ఎందుకు? మా ఇంట్లో చీర ఒక్క జన్మతో పోదు. కట్టుకోవడం అయ్యాక బొంత అవుతుంది. బొంత పలచబడితే మసిగుడ్డ అవుతుంది. ఆ చీర బొంతకూ మసిగుడ్డకూ మధ్యలో ఉంది. దాన్ని నిలువునా చింపి, మూడు పాయలు చేసి, తలుపు గొళ్ళేనికి కట్టి జడలా అల్లాను. ఆకుపచ్చ చీర, కాస్త పసుపు అంచు. ఉతికి ఉతికి రెండూ ఒకే రంగులోకి వచ్చాయి.

ముడి మాత్రం మా నాయన నేర్పిన ముడి వేశాను. పశువు ఎంత లాగినా మెడకు బిగుసుకోదు, ఎంత వెనక్కి తగ్గినా తల ఊడిరాదు. మా నాయన నాకు నేర్పినవి రెండే. ఒకటి ఈ ముడి. బడి నాలుగో తరగతితో మాన్పించాడు, ముడి మాత్రం వచ్చేదాకా వదలలేదు. రెండోది పలుపు సంగతి.

పశువు మెడకు కట్టే తాడును మేం పలుపు అంటాం. మా ఇంట్లో ఆవును అమ్మినా, ఎద్దును అమ్మినా, పలుపు ఇచ్చేవాళ్ళం కాదు. కొనుక్కున్నవాళ్ళు తమ తాడు తాము తెచ్చుకోవాలి. మా నాయన సంతలో పశువును అప్పగించి, పలుపు విప్పి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేవాడు. మా అమ్మ దాన్ని అందుకుని కొట్టంలో కొయ్యకు తగిలించేది. పశువు పోయినా పలుపు ఉంటే కొట్టం ఖాళీ అయినట్టు కాదని, పలుపు కూడా పోతే ఇంటి పాడి దాని వెంటే పోతుందని చెప్పేది. చిన్నప్పుడు నాకు ఆ కొయ్యను చూస్తే భయం వేసేది. గాలికి పలుపులు ఊగేవి. మెడలు లేని పశువులేవో గోడకు నిలబడి ఉన్నట్టు ఉండేది.

సరే. ఆ ఆకుపచ్చ పలుపుతో మేమిద్దరం చలికాలమంతా నడిచాం. మంచు దట్టంగా ఉన్నప్పుడు పెద్ద రాతి భవనం మొత్తం మాయమై, పై అంచు ఒక్కటే గాలిలో తేలేది. నెమళ్ళు ఎక్కడినుంచి అరుస్తున్నాయో తెలిసేది కాదు. తార్నాక నుంచి, విద్యానగర్ నుంచి నడకకు వచ్చేవాళ్ళు మంకీ టోపీలు పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు మబ్బులోంచి ఊడిపడుతున్నట్టు వచ్చి, మళ్ళీ మబ్బులోకే పోయేవాళ్ళు. దూరాన రైలు కూత వేసేది. కుక్క ఆగి, చిరగని చెవి నిక్కించి, రైలు పోయేదాకా కదిలేది కాదు. నేనూ ఆగేదాన్ని. నాకెందుకు తొందర.

దానికి ఒకటే జబ్బు. బండ్లు తిరిగే రోడ్డు కనిపిస్తే చతికిలబడేది. ఎంత లాగినా లేచేది కాదు. పలుపును చేతికి రెండు చుట్లు చుట్టి పొట్టిచేసి, దాని భుజం నా మోకాలికి తగిలేంత దగ్గరికి తీసుకుంటే అప్పుడు లేచేది. అలా ఆనుకుని రోడ్డు దాటేది. దాటాక దులుపుకుని, ఏమీ ఎరగనట్టు నడిచేది. గేటు దాటి అవతల తార్నాకలో కూరగాయలు కొనుక్కుని వచ్చే రోజుల్లో ఇలా వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఒక్కరోజు కూడా తనంతట తాను దాటలేదు.

చలి తగ్గి చింతకాయ పండే రోజులు వచ్చాయి. క్యాంపస్‌లో లైబ్రరీకి వెనక పక్క ఒక చింతచెట్టు ఉంది. దాని కింద రాలినవి ఏరుకుంటే ఏడాదికి చింతపండు కొనే పని ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు. నాతో పాటు ఇంకొకామెకూ తెలుసు. ఆమెది రాయలసీమ. భర్త ఇదే యూనివర్సిటీలో పనిచేసి రిటైరయ్యాడు. తార్నాకలో గల్లీలో కింది అంతస్తు ఇల్లు. రోజూ నడకకని వచ్చేది, చేతిలో మాత్రం గుడ్డసంచి ఉండేది. ఆమె నాకంటే ముందొస్తే నాకు మిగిలేది పుచ్చిన కాయలే. అందుకని నేను ఇంకా చీకటి పూర్తిగా విడవకముందే వెళ్ళేదాన్ని. మర్నాడు ఆమె అంతకంటే ముందొచ్చేది.

"ఏమక్కా, ఈ పొద్దు నాకంటే ముందే వచ్చినావే! నిద్రపోవా నువ్వు?"

"నేను నిద్రపోతే నువ్వు మిగులుస్తవా చెల్లె?"

"మిగలకేం, చెట్టు నిండా ఉండాయి గదా. ఎక్కి కోసుకో."

"నువ్వెక్కు. నేను కింద కొంగు పడతా."

"సరే గానీ, నీ కుక్క నా సంచి కాడ కాలెత్తకుండా సూసుకో."

"అది ఆడది. కాలెత్తదు."

"ఓహో. అయితే కూసుంటాదిలే. ఇంకా ముప్పు."

ఇలా మాట్లాడుకుంటూనే ఇద్దరం నేల మీద నుంచి కళ్ళు తీసేవాళ్ళం కాదు. కుక్క మాత్రం మా ఇద్దరి మధ్యా పడుకుని, చింతకాయ రాలిన చప్పుడు అయినప్పుడల్లా అటు చూసేది. అది ఎటు చూస్తే అటు మేమిద్దరం పరుగెత్తేవాళ్ళం. ఆ వయసులో ఆ పరుగు ఎవరైనా చూస్తే నవ్వుకునేవాళ్ళే. చూసేవాళ్ళు లేరు. బట్టీపట్టే పిల్లలు పుస్తకాలలోంచి తలెత్తరు కదా.

మా అబ్బాయి రిటైరయ్యే నెల దగ్గరపడింది. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. లాలాపేటలో మూడో అంతస్తులో ఇల్లు దొరికింది. గాలీ వెలుతురూ బాగున్నాయి, నీళ్ళు బాగున్నాయి. ఇంటాయన ఒకే మాట అన్నాడు: కుక్క ఉంటే కుదరదని.

"క్యాంపస్‌ల విడిచిపెడదాం అమ్మా. పిల్లలు మెస్సు దగ్గర ఏదో ఒకటి వేస్తరు" అన్నాడు కొడుకు.

మనవరాలు పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది. క్యాంపస్ కుక్కల గుంపులను నేను రోజూ చూస్తున్నాను. హాస్టళ్ళ దగ్గర ఒక గుంపు, స్టేడియం దగ్గర ఒక గుంపు. వాటి హద్దులు వాటికి ఉన్నాయి. మూడు కాళ్ళదాన్ని అవి రెండు రోజులు కూడా బతకనివ్వవు. నెల తిరిగేలోగా దానికి ఒక ఇల్లు దొరకాలి, లేదా అది ఉండదు. అంతే లెక్క.

మనవరాలు ఫోన్‌లో ఫొటోలు పెట్టింది. ఎర్రగుండెలు చాలా వచ్చాయి. మనుషులు రాలేదు. వచ్చిన కొద్దిమందికీ నేను ఒకే పరీక్ష పెట్టి చూసేదాన్ని. జొన్నరొట్టె ముక్క చేతిలో పెట్టి, "దీనికి పెట్టండి" అనేదాన్ని. ముందుగా రామంతాపూర్ నుంచి కారులో భార్యాభర్తలు వచ్చారు.

"ఏ బ్రీడ్ ఆంటీ?" అని అడిగాడు ఆయన.

"తార్నాక బ్రీడు" అన్నాను.

ఆమె నవ్వింది, ఆయన నవ్వలేదు. రొట్టెముక్కను దూరం నుంచి విసిరాడు. అది కుంటుకుంటూ వెళ్ళి తెచ్చుకునేలోగా వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆలోచించి చెప్తామన్నారు. ఆ తరువాత హాస్టల్ నుంచి ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు, ముద్దు పెట్టుకున్నారు, రొట్టె చేత్తో తినిపించి మిగతాది తామూ తిన్నారు. బంగారాల్లాంటి పిల్లలు.

"సెలవులకు మీరు ఊర్లకు పోతే దీన్ని ఎవరు చూస్తరు బిడ్డా?" అని అడిగాను.

ముగ్గురూ దాన్ని మెల్లగా ఒళ్ళోంచి దింపారు. వాళ్ళకు ఇంకో రెండేసి రొట్టెలు మూట కట్టిచ్చి పంపాను. ఆ తరువాత ఎవరూ రాలేదు. ఇంట్లో అట్టపెట్టెలు పేరుకుపోయాయి. కుక్క రోజూ సాయంత్రం ప్రతి పెట్టెనూ వాసన చూసి, సంపు మీదికెక్కి కూర్చుని గేటు వైపు చూసేది. రేలచెట్లు పూశాయి. పసుపు గుత్తులు దారి పొడవునా వేలాడుతూ, పొద్దున్నే నడుస్తుంటే ఎవరో దీపాలు ఆర్పడం మరచిపోయినట్టు ఉండేవి. ఆ వెలుగులో దాన్ని నడిపిస్తూ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని.

అలాంటి ఒక పొద్దున చింతచెట్టు కింద ఆమె అడిగింది.

"ఇల్లు మారుతా ఉండారంట. యాడికక్కా?"

"లాలాపేటకు. మూడో అంతస్తు."

"మరి ఇది?"

నేను వంగి కాయలు ఏరుతూ ఉన్నాను. ఆమె ఏరడం మానేసింది. అది నాకు వింతగా అనిపించి తలెత్తాను.

"నాకిస్తావా?"

"నీకెందుకు?"

"నాకు కాదులే. ఆయనకి. పక్షవాతమొచ్చి కుడిపక్క పడిపోయింది గదా, మాట గూడా పోయింది. పొద్దంతా వరండాలో కుర్చీలో కూసోనుంటాడు. నేను నీళ్ళు పట్టల్ల, వంట చేయల్ల, ఇంగ కాసేపు నాకూ కాళ్ళు సాచుకోవల్ల. ఎవురైనా పక్కన కూసుంటే సాలు. మాట్లాడే పనిల్యా. ఇది మాట్లాడదు గదా."

నేను కొంగు ముడి విప్పి రొట్టెముక్క తీసి ఆమెకు ఇచ్చాను. "దీనికి పెట్టు."

ఆమె ముక్క తుంచి, ముందు తన నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు తక్కువేసినావక్కా" అంది. మిగతాది అరచేతిలో పెట్టి కుక్క ముందు చాపింది. అది తిని, చెయ్యంతా నాకింది. ఆమె చేతిని చీరకు తుడుచుకుని, మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టింది. నాకు ఇక అడగవలసింది ఏమీ కనిపించలేదు.

మంచిరోజని బుధవారం చూసుకుని ఆటోలో వచ్చింది. కొత్త ఎర్రపట్టీ, దానికి గొలుసు తెచ్చింది. మనవరాలు పొద్దటి నుంచీ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. నేను వంగి, మెడ దగ్గర మా నాయన ముడి విప్పాను. పలుపు చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాను. చెయ్యి తనంతట తానే ఆ పని చేసింది. ఆలోచించలేదు.

"నానమ్మా, తాడు గూడ ఇయ్యి. దానికి గదే అలవాటు."

"పలుపు ఇయ్యరు."

"కుక్కకు పలుపేంది నానమ్మా!"

"ఏ జీవమైనా అంతే. ఇస్తే ఇంటికి మంచిది కాదు. నోరు మూసుకో."

ఆమె ఈ మాటలు విన్నది. ఏదో అనబోయి ఆగింది. ఎర్రపట్టీ బిగించి, కుక్కను ఎత్తి ఆటోలో పెట్టుకుంది. ఆటో మలుపు తిరిగేటప్పుడు చిరిగిన చెవి ఒకటి పక్కనుంచి కనిపించింది. అది వచ్చిన రోజు కూడా ముందు ఆ చెవే కనిపించింది.

పలుపును జామచెట్టు పక్కన మేకుకు తగిలించాను. మర్నాడు ఒక్కదాన్నే నడిచాను. చెయ్యి తేలికగా ఉంది. తేలికైన చెయ్యితో ఏం చెయ్యాలో తెలియలేదు, వెనక్కి పెట్టుకుని నడిచాను. ఇంటికొచ్చి గంజి దాని పళ్ళెంలో పోసి, పోశాక గుర్తొచ్చి, పారబొయ్యడం ఇష్టంలేక జామచెట్టు మొదట్లో ఒంపాను. మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు సిమెంటు మీద గోళ్ళ చప్పుడు: మూడు అడుగులు, ఒక ఖాళీ, మూడు అడుగులు, ఒక ఖాళీ. కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతుందని తెలుసు.

నాలుగో రోజు సాయంత్రం గాలిదుమారం లేచింది. ఉరుములు, వడగళ్ళు. కరెంటు పోయింది. మర్నాడు తెల్లవారుతుండగా గేటు చప్పుడైంది. ఆమె నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు బురద. చేతిలో ఎర్రపట్టీ, దాని మధ్యలో ఏ మెడా లేదు.

"తప్పయిపోయిందక్కా. ఉరుముకు బెదిరి ఎనక్కి గుంజింది, పట్టీలోంచి తలకాయ ఊడొచ్చింది. గేటు సందులోంచి పోయింది. గల్లీ గల్లీ తిరిగినా. ఈడికొచ్చిందేమోనని..."

"రాలే."

మనవరాలు లేచి చెప్పులు కూడా వేసుకోకుండా క్యాంపస్ లోపలికి పరుగెత్తబోయింది, దాని పేరు పెట్టి పిలుస్తూ. నేను ఆపాను. సంపు మీద కూర్చున్నాను. కోపం వచ్చింది. ముందు ఆమె మీద వచ్చింది, తరువాత పట్టీ మీద, ఆ తరువాత మేకు మీది పలుపును చూశాక ఇంకెవరి మీదికీ పోలేదు, నా దగ్గరే ఆగింది. బెదిరిన జీవం వెనక్కి గుంజుతుంది. అందుకే కదా మా నాయన ఆ ముడి నేర్పింది. ముడిని విప్పి, పలుపును దాచుకుని, జీవాన్ని వట్టి మెడతో పంపాను.

"పిల్లా, క్యాంపస్‌ల లేదది" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"అది రోడ్డు దాటదు. ఈడికే రావాలనుకుంటది, గని రోడ్డు దాటదు. అవతలనే ఉన్నది. నడువుండ్రి."

పలుపు తీసుకున్నాను. ముగ్గురం గేటు వైపు నడిచాం. రాత్రి గాలికి రేలపూలన్నీ రాలి, దారి మొత్తం పసుపుగా ఉంది. ఎక్కడా నల్ల రోడ్డు కనిపించలేదు. విరిగిన కొమ్మలు, వాటి మధ్య వడగళ్ళకు చిల్లులు పడ్డ ఆకులు. నేల నుంచి ఆవిరి లేస్తోంది. బట్టీపట్టే గొంతులు ఆ రోజు లేవు. మేం నడుస్తున్న చప్పుడు కూడా లేదు. కాళ్ళ కింద పూలు. నిద్రలో నడుస్తున్నానేమో అనుకున్నాను. చేతిలో పలుపు తడిసి చల్లగా తగిలింది, అందుకని నిజమే అనుకున్నాను.

గేటు దాటి రోడ్డు దగ్గర నిలబడ్డాం. పాలవ్యాన్లు పోతున్నాయి. అవతలి పక్క మూసిన షాపు మెట్ల మీద ఎర్రమట్టి కుప్పలాంటిది ఒకటి ఉంది. ఇటువైపే తిరిగి కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి అలా కూర్చుందో. బహుశా వాన మొత్తం అక్కడే కూర్చుని, ఎవరైనా వచ్చి దాటిస్తారని ఇటే చూస్తూ ఉండిపోయింది.

మనవరాలు పేరు పెట్టి పిలిచింది. బండ్ల చప్పుడులో ఆ పేరు పోయింది. ఆమె ఎర్రపట్టీ ఉన్న చెయ్యి ఊపింది. నేను రోడ్డు దాటి, మెట్లకు పదడుగుల దూరంలో ఆగాను.

"ఏయ్" అన్నాను. "పో అవతలికి."

కుప్ప కదిలింది. చెవి లేచింది. తరువాత తోక. మూడు కాళ్ళ మీద దిగి వచ్చి, నా మోకాలికి భుజం ఆనించి నిలబడింది, దాటిద్దువు పద అన్నట్టు.

వంగి ముడి వేశాను. ముడి సరిగ్గానే పడింది. పలుపును చేతికి రెండు చుట్లు చుట్టాను. అది రోడ్డు వైపు లాగింది. ఎదురుగా గేటు, గేటు లోపల పసుపు దారి. ఇంటికి పోయే దారి. కానీ వారంలో ఆ ఇల్లు మాది కాదు. ఆ సంగతి దానికి ఎవరు చెప్తారు? నేను తార్నాక గల్లీ వైపు తిరిగాను. అది నిలబడిపోయింది. నా ముఖం చూసింది. నేను జీవితంలో చాలామందితో కఠినంగా ఉన్నాను, ఎప్పుడూ తల తిప్పుకోలేదు. ఆ పూట తల తిప్పుకున్నాను. తిప్పుకుని, "నడువ్" అన్నాను. కొంచెంసేపు తాడు బిగుసుకుని ఉంది. తరువాత వదులైంది. నడిచింది.

వాళ్ళ ఇల్లు నేను చూడడం అదే మొదలు. వరండాలో కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. రాత్రంతా లోపలికి పోనని మొండికేశాడట. కుక్కను చూసి ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. కుక్క ఆయన పడిపోయిన కాలి పక్కకు వెళ్ళి, తన వంకర కాలు కిందికి మడిచి కూర్చుంది. నాలుగు రోజుల్లో అక్కడొక చోటు అలవాటు చేసుకున్నట్టుంది. అది చూశాక నా గుండెల్లో బరువు దిగింది.

నేను పలుపును నడిమికి పట్టి ఆయన ఎడమచేతికి అందించాను. ఆయన మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకున్నాడు.

"వద్దక్కా" అంది ఆమె. "మా పక్క గూడా పలుపు ఇయ్యరు. నాకు తెలవదనుకున్యావా? నువ్వు విప్పుతుంటే అందుకే నోరెత్తల్యా. ఇంటికి చేటని తెలిసీ ఎట్లడిగేది?"

"నువ్వు అడగకపోతివి. నేను ఇయ్యకపోతిని. ఇద్దరికీ బుద్ధి లేదు" అన్నాను. "ఉండనియ్యి. ఏం పోతదో పోనీ."

ఆమె లోపలికి పోయి కత్తిపీట తెచ్చింది. ఆయన చేతి నుంచి వేలాడే కొస వైపు జానెడు వదిలి, పలుపును కత్తికి ఆనించి కోసింది. నూలు కదా, చప్పుడు లేకుండా తెగింది. మెడ వైపు సగం ఆయనకు వదిలి, మిగతా సగం నా భుజాన వేసింది.

"నువ్వు ఇచ్చినట్టూ కాదు, ఇయ్యనట్టూ కాదు. సరిపాయ" అంది. "కాఫీ తాగుతావా?"

"చక్కెర తక్కువ వెయ్యి."

"రొట్టెలో ఉప్పేసినట్టేనా?"

ఆమెకు ముడి నేర్పేటప్పటికి ఎండెక్కింది. నాలుగుసార్లు తప్పు వేసింది. అయిదోసారి కుక్క వెనక్కి గుంజితే ముడి నిలిచింది. ఆయన ఎడమచేత్తో కుర్చీని తట్టాడు.

లాలాపేట ఇంట్లో మూడో అంతస్తులో గాలి ఎక్కువ. నా గదిలో కిటికీ రెక్కకు గొళ్ళెం సరిగ్గా పడదు. కొత్త గొళ్ళెం వేయిస్తానని కొడుకు అంటున్నాడు, ఎందుకు దండగ అని నేను వద్దంటున్నాను. ఆ సగం పలుపుతో రెక్కను మంచం కోడుకు కట్టాను. సాయంత్రం గాలి లేచినప్పుడు రెక్క బయటికి లాగుతుంది. తాడు బిగుసుకుంటుంది, వదులవుతుంది, మళ్ళీ బిగుసుకుంటుంది. మంచం మీద పడుకుని చెయ్యి దాని మీద వేస్తే, అవతలి కొసన ఏదో ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది.

మొన్నొకసారి కళ్ళు మూసుకుని ఉండగానే నోరు జారింది.

"ఏయ్, పో అవతలికి."

కోడలు గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఎవరిని అత్తయ్యా?"

"కిటికీని" అన్నాను.